ఈత రాదు, సముద్రంలోకి దిగొచ్చా?

ప్రశ్న: జనవరిలో మా అమ్మాయి నన్ను అండమాన్ తీసుకెళ్తానంటోంది. హేవ్‌లాక్‌లో స్కూబా డైవింగ్ చేద్దామని ఒకటే పట్టు. నాకు 48 ఏళ్లు, ఈత రాదు. తలుచుకుంటేనే టెన్షన్. దిగొచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: దిగొచ్చండీ. నేనూ ఈత రాకుండానే, 51వ ఏట అక్కడే దిగాను. శిక్షకుడు చివరిదాకా మన పక్కనే ఉంటాడు. ముందు తక్కువ లోతులో నోటితో ఊపిరి తీయడం, చేతి సైగలు నేర్పుతాడు. అక్కడ తొందరపడకండి. నేను రెండుసార్లు పైకి లేచేశాను, మూడోసారికి ఊపిరి కుదిరింది. బొటనవేలు పైకెత్తితే ‘బాగుంది’ అని కాదు, ‘పైకి వెళ్దాం’ అని అర్థం. ఇది గుర్తుంచుకోండి.

అసలు సంగతి చెవులది. 10 మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు. దిగుతున్నకొద్దీ ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదుతుండాలి, నొప్పి పుట్టేదాకా ఆగొద్దు. జలుబుంటే ఆ రోజుకి మానేయండి. ఉబ్బసం, గుండె జబ్బు, బీపీ లాంటివి ఉంటే ముందే డాక్టర్ని అడగండి. డైవింగ్‌కి ముందు నింపే ఆరోగ్య ఫారంలో ఏదీ దాచొద్దు.

డైవింగ్ తర్వాత 18 గంటలు విమానం ఎక్కకపోవడం మంచిది. కాబట్టి చివరి రోజుకి పెట్టొద్దని అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. నీళ్లలో ఊపిరి మాత్రం ఎప్పుడూ బిగబట్టకండి.