మూసీ దాటి, చార్మినార్‌నూ దాటితే ఒక్క రోజులో ఏమేమి చూడవచ్చు?

ప్రశ్న: మేము గచ్చిబౌలిలో ఉంటాం. వచ్చే ఆదివారం ఊరి నుంచి అమ్మ, నాన్న వస్తున్నారు. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ వాళ్ళు ఇదివరకే చూశారు. నాన్న నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. అమ్మకు గుళ్ళంటే ఇష్టం, మోకాళ్ళ నొప్పులున్నాయి, మాంసం తినదు. మూసీ అవతల జనం పెద్దగా వెళ్ళని చోట్లు, ఒక్క రోజులో చూసి వచ్చేవి ఏమైనా ఉన్నాయా?

జవాబు:

ఉన్నాయి, ఒక్క రోజుకు మించే ఉన్నాయి. నేను సైదాబాదులో పుట్టి పెరిగినవాణ్ణి. మా వైపు నుంచి చూస్తే నది అవతల ఉన్నది మీరే. 1591లో ఊరు కట్టింది ఈ దక్షిణపు ఒడ్డునే కదా! అయినా చూడవచ్చినవారు నయాపూల్ దాటి, చార్మినార్ దగ్గర ఫోటో దిగి, లాడ్‌బజార్‌లో గాజులు కొని, ఒక చాయ్ తాగి అటునుంచి అటే వెనక్కి మళ్ళుతారు. చార్మినార్‌కు దక్షిణాన ఏముందని అడగండి: ఫలక్‌నుమా అంటారు, ఆ తర్వాత ఏకంగా విమానాశ్రయం అంటారు. మీరు చూడవలసినవి చాలావరకు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి.

అన్నిటికంటే ముందు దారి సంగతి. గచ్చిబౌలి నుంచి పాతబస్తీకి అందరూ మెహదీపట్నం మీదుగా వెళ్ళి, పొద్దున్న పూటంతా సిగ్నళ్ళ దగ్గరే పోగొట్టుకుంటారు. మీరు అలా చేయవద్దు. ఔటర్ రింగు రోడ్డెక్కి దక్షిణానికి చుట్టి వెళ్ళండి. దూరంగా ఉన్నవి పొద్దున్నే చూసుకుంటూ, సాయంత్రానికి ఊళ్ళోకి రండి. నార్సింగి దాటాక రోడ్డు మూసీ మీది నుంచే వెళుతుంది. చాలామంది గమనించరు, మీ నాన్నగారికి చూపించండి.

మొదటి మజిలీ హిమాయత్‌సాగర్. పెద్దవారితో వెళుతున్నారు కాబట్టి అరగంట చాలు. అందరూ దీన్ని మూసీ మీది చెరువనుకుంటారు. మూసీ మీద ఉన్నది ఉస్మాన్‌సాగర్, అంటే గండిపేట. హిమాయత్‌సాగర్ ఈసీ నది మీద కట్టినది. ఆ ఈసీ లంగర్‌హౌజ్‌లో బాపూఘాట్ దగ్గర మూసీలో కలుస్తుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరిని ఊడ్చిపెట్టిన తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించారు. నీటిని ఊరి మీదికి రాకముందే పైన ఆపాలని ఆయన సలహా. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టినవి ఊరికి తాగునీరు కూడా ఇచ్చాయి. మీ నాన్నగారికి ఇదంతా నాకంటే బాగా తెలిసే ఉంటుంది. కట్ట కనిపించే చోట కారు ఆపి ఆయనను మాట్లాడనివ్వండి. వానాకాలమైతే మాత్రం ముందురోజు వార్తలు చూసుకోండి. గేట్లెత్తినప్పుడు కింది సర్వీసు రోడ్డు మూసేయడం మామూలే.

అక్కడి నుంచి శంషాబాద్ వైపు వెళితే నర్కుడ దగ్గర అమ్మపల్లి. సీతారామచంద్రస్వామి గుడి. ఏడంతస్తుల గోపురం పొలాల మీదుగా దూరం నుంచే కనపడుతుంది. మొదటిసారి చూసినవారు కూడా ‘ఇదెక్కడో చూశామే’ అంటారు. చూసే ఉంటారు, సినిమాలో. ఇక్కడ షూటింగులు అంత ఎక్కువ. గోపురం అందమంతా దాని పాతదనంలోనే ఉందని నా అభిప్రాయం. అమ్మగారికి ఇక్కడ ఇబ్బంది ఉండదు, కొండ ఎక్కే పని లేదు. దర్శనం తర్వాత కోనేటి దగ్గరికి వెళ్ళండి. నాలుగు వైపులా మెట్లు, చుట్టూ కమానుల వసారా. మెట్లు దిగనక్కరలేదు, వసారాలో కూర్చుంటే చాలు, కోనేరంతా ఎదురుగా ఉంటుంది. ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం కట్టించుకుని వెళ్ళండి. గుడి బయట చెట్ల కింద తినవచ్చు. ఎందుకంటే నేను చెప్పబోయే తర్వాతి చోట అమ్మగారు తినగలిగింది పెద్దగా లేదు.

ఆ చోటు బార్కస్. శంషాబాద్ నుంచి మామిడిపల్లి, పహాడీషరీఫ్ మీదుగా రావాలి. ఈ దారిలో పహాడీషరీఫ్ దర్గా కొండ మీద కనపడుతుంది. అది బాబా షర్ఫుద్దీన్ దర్గా. పైకి చాలా మెట్లుంటాయి, మోకాళ్ళ సంగతి చెప్పారు కాబట్టి కింది నుంచే దండం పెట్టుకుని సాగిపొండి. బార్కస్‌లో ఉండేది ఎక్కువగా యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి నిజాం సైన్యంలో పనికి వచ్చిన అరబ్బుల సంతతి. ఊళ్ళో వాళ్ళను చావుష్‌లంటారు. మీరు మాంసం తినేవారైతే మందీ ఇక్కడే తినాలి. పెద్ద పళ్ళెం నిండా అన్నం, పైన మెత్తగా ఉడికిన మాంసం. కింద కూర్చుని ఒకే పళ్ళెంలో నలుగురు తింటారు. మసాలా ఘాటు తక్కువ. బిరియానీని తలుచుకుంటూ తింటే చప్పగా అనిపిస్తుంది, అలా తినవద్దు. అమ్మగారికి బార్కస్ జామకాయలు. చలికాలంలో వెళితే తోపుడుబండ్ల మీద కుప్పలు పోసి ఉంటాయి. ఉప్పు, కారం చల్లించుకుని అక్కడే తినడం మేలు, ఇంటికి తెచ్చేసరికి ఆ కరకర ఉండదు.

ఇక రోజు మొత్తంలో అసలైన చోటు పైగా సమాధులు. మిగతావన్నీ మానుకోవలసి వచ్చినా ఇది మానవద్దు. సంతోష్‌నగర్ దాటి, ఒవైసీ ఆసుపత్రి చౌరస్తా దగ్గర పిసల్‌బండ సందుల్లో ఉంటుంది. సందులు ఇరుకు. కారును పెద్ద రోడ్డు మీద వదిలి, అమ్మగారిని ఆటోలో తీసుకెళ్ళండి. చుట్టూ ఇళ్ళు, ఆరేసిన బట్టలు, ఇటుకల లారీలు చూసి తప్పు దారిలో వచ్చామేమోనని అనుమానం వస్తుంది. రాలేదు, ముందుకు వెళ్ళండి.

పైగాలు అంటే నిజాముల తర్వాత అంతటి జాగీర్దార్లు, నిజాములతో వియ్యమందినవారు. ఫలక్‌నుమా కట్టించిన వికారుల్ ఉమ్రా వీళ్ళలోనివాడే. వంశానికి మూలపురుషుడు తేగ్‌జంగ్ మొదలుకొని తరతరాలవాళ్ళు ఇక్కడే ఉన్నారు. 18వ శతాబ్దం చివర మొదలైన కట్టడాలు ఇవి. గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధులు ఎత్తుతో, గుమ్మటాలతో మనిషిని చిన్నబుచ్చుతాయి. ఇక్కడ అలా కాదు. చాలా సమాధులకు పైకప్పే లేదు. చుట్టూ గోడ, ఆ గోడ నిండా పని. చెక్కిన టేకు తలుపు తోసుకుని లోపలికి వెళితే పాలరాతి సమాధి, నాలుగు పక్కలా జాలీలు, అంటే వెలుతురు దూరే అల్లిక తెరలు. ఒక జాలీ ముందు నిలబడి దాని అల్లికను కాసేపు చూడండి: ఆరు కోణాల నక్షత్రాల పక్కన నక్షత్రాలు, వాటి మధ్య మిగిలిన ఖాళీలు కూడా ఒక ఆకారమే. పక్క జాలీకి వెళితే లెక్క మారిపోతుంది. దాని తర్వాతి జాలీలో పువ్వులు, తీగలు. రెండు జాలీలు ఒకేలా ఉన్నాయేమో వెతకండి, పిల్లలుంటే వాళ్ళను వెతకమనండి, గంటసేపు కదలరు. కమానుల మీదున్నది రాతి చెక్కడం అనుకుంటారు. కాదు, గచ్చు. సున్నంతో చేసిన పని. తడిగా ఉండగానే పువ్వు రేకు, ఆకు ఈనె తీర్చేశారు. కొన్నిచోట్ల పెచ్చులూడి లోపలి ఇటుక కనపడుతుంది, అక్కడ ఆ పూత మందం ఎంతో తెలుస్తుంది. ఈమధ్య మరమ్మతుల పని కూడా చేపట్టారు.

మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో అక్కడ ఉండేలా చూసుకోండి. ఎండ వాలుతూ జాలీల్లోంచి పడుతుంటే అల్లికంతా నేల మీద కూడా కనపడుతుంది. చీకటి పడేదాకా ఆగుదామంటే కుదరదు, సాయంత్రానికే మూసేస్తారు. సమాధులు కాబట్టి అమ్మగారు లోపలికి రావడానికి వెనకాడితే బలవంతం చేయవద్దు. మా అమ్మ కూడా మొదట గేటు దగ్గరే కూర్చుంది. ఆ ముగ్గుల గోడలు చూసి తనంతట తానే లేచి వచ్చింది.

వెలుతురు ఇంకా ఉంటే రేమండ్ సమాధి. మలక్‌పేట వైపు, ఆస్మాన్‌గఢ్‌లో గుట్ట మీద ఉంది. ఫ్రాన్స్ నుంచి వచ్చి రెండో నిజాం నిజాం అలీఖాన్ దగ్గర సేనాపతి అయిన మనిషి, 1798 మార్చిలో చనిపోయాడు. ఆబిడ్స్ దగ్గరి గన్‌ఫౌండ్రీ, అంటే ఫిరంగుల కార్ఖానా, అతను పెట్టించినదే. అతను పోయిన కొన్ని నెలలకే ఇంగ్లీషువాళ్ళు ఆ ఫ్రెంచి పటాలాలను ఒక్క తూటా ఖర్చు లేకుండా నిరాయుధం చేశారు. సమాధి మీద దాదాపు ఏడు మీటర్ల నల్లరాతి స్తంభం, దాని మీద అతని పేరు పొడి అక్షరాలు. గుమ్మటం లేదు, శిలువ లేదు. అయినా చుట్టుపక్కలవాళ్ళు చాలాకాలం ఇక్కడ అగరువత్తులు వెలిగించారు, కొబ్బరికాయలు కొట్టారు. మూసారాంబాగ్‌కు పేరు వచ్చింది కూడా ఇతని వల్లనే. చూడడానికి పది నిమిషాలు చాలు, సాయంత్రం గాలి కోసం ఇంకాసేపు కూర్చోవచ్చు. నీళ్ళు వెంట ఉంచుకోండి.

మహేశ్వరం గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. శివగంగ గుడి, పెద్ద కోనేరు, చుట్టూ చిన్న గుళ్ళు. అక్కన్న, మాదన్నలు కట్టించారని స్థానికులు చెబుతారు. మంచి చోటే, కానీ అమ్మపల్లి పెట్టుకున్న రోజున దీన్నీ కలిపితే పైగా సమాధులకు పొద్దు చాలదు. ఏదో ఒకటే చూడండి.

మీ నాన్నగారికి మరో పూట తీరికుంటే ఆయనను ఒక్కరినే తీసుకుని మీర్‌ఆలం చెరువు కట్ట చూడండి. జూపార్కును ఆనుకునే ఉంటుంది. 19వ శతాబ్దం మొదట్లో, మీర్‌ఆలం దివానుగా ఉన్న కాలంలో కట్టినది. మామూలు మట్టికట్ట కాదు. అర్ధచంద్రాకారపు రాతి కమానులను, మొత్తం 21, పక్కపక్కనే పడుకోబెట్టినట్టు కట్టారు. కమాను వీపు నీటి వైపు ఉంటుంది. నీరు ఎంత నెట్టినా ఆ బరువు కమాను రెండు కొసలకూ, అక్కడి నుంచి మధ్యనున్న దిమ్మెలకూ వెళుతుంది, అందుకే తక్కువ రాతితో పని జరిగింది. ఇలాంటి బహుళ కమానుల ఆనకట్టల్లో ప్రపంచంలోనే తొలివాటిలో ఇదొకటి. గండిపేట రాకముందు ఊరు తాగింది ఈ నీరే.

అదే పూట నయాపూల్ వైపు వెళితే పత్తర్‌గట్టిలో బాద్‌షాహీ ఆషూర్‌ఖానా, అంటే మొహర్రం సంతాపం జరుపుకునే చోటు. మదీనా చౌరస్తా దాటగానే ఉంటుంది, చార్మినార్‌కు నడిచే వేలమంది దాని ముందు నుంచే పోతారు, లోపలికి తిరిగేవారు అరుదు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు, గోడల మీది రంగుపెంకుల పని 1611లో పూర్తయింది. పసుపు, నీలం, ఆకుపచ్చ ముక్కలు చిన్నచిన్నవి కోసి అతికించారు, నాలుగు వందల ఏళ్ళయినా మెరుపు పోలేదు. గోడ కింది భాగం మాత్రం జాగ్రత్తగా చూడండి. కొంత ఎత్తు వరకు పెంకులు లేవు, వాటిని పోలిన రంగులేసి ఉంది. 1908 వరద నీరు పాడుచేసిన మేర అది. హిమాయత్‌సాగర్ కట్ట ఎందుకు కట్టవలసి వచ్చిందో నాన్నగారికి ఆ గోడ చూపిస్తే చాలు. చెప్పులు బయట విడవాలి. మొహర్రం మొదటి పది రోజుల్లో వెళ్ళవద్దు, అది భక్తుల సమయం.

పురానాపూల్ అక్కడికి దగ్గరే. 1578 నాటి వంతెన, ఇప్పుడు దాని మీద కూరగాయల సంత. ప్రియురాలి కోసం పొంగుతున్న ఏరు ఈదిన రాకుమారుణ్ణి, అంటే ఆ కులీ కుతుబ్‌షానే, చూసి తండ్రి ఇబ్రహీం కట్టించాడని గైడ్లు చెబుతారు. అప్పటికి ఆ రాకుమారుడికి పదమూడేళ్ళు. కథ విని నవ్వుకోండి, ఆకుకూరలు మాత్రం కొనండి, తాజాగా ఉంటాయి.

సొంత కారు లేకపోతే రోజంతటికీ ఒకే బండి మాట్లాడుకోండి, పిసల్‌బండ సందుల దగ్గర గంటన్నర ఆగాలని ముందే చెప్పండి. ఒకసారి మా చుట్టాలను దింపిన డ్రైవరు ‘ఇక్కడేముంది సార్’ అని అరగంటకే హారన్ మోత మొదలుపెట్టాడు.