బుజ్జమ్మకు, చెట్ల కింద తోట గురించి

బుజ్జమ్మా,

ఇంటి వెనక చెట్ల తోపు ఫొటోలు చూశాను. కాస్త కుళ్ళుకున్నాను కూడా. "కింద అంతా చీకటిగా, బోసిగా ఉంది పెదనాన్నా, ఈ ఆదివారమే మొక్కలు తెచ్చి పాతేస్తాను" అని రాశావు. ఈ ఆదివారం వద్దు తల్లీ. ఒక కుర్చీ వేసుకుని అక్కడ కూర్చో, అంతే. పొద్దున 8కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి ఎండ ఎక్కడెక్కడ పడుతోందో ఫోన్‌లో ఫొటోలు తీసిపెట్టుకో.

నీడంతా ఒకటి కాదు. ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా రాలే చోటు వేరు, రోజంతా మసకగా ఉండే చోటు వేరు. పొద్దుటి లేత ఎండ రెండు గంటలు తగిలే జాగా దొరికితే, పూలమొక్కలన్నీ అక్కడికే. ఇంపేషన్స్, టొరేనియా బాగా పూస్తాయి. మధ్యాహ్నపు ఎండ మాత్రం ఆ రెండు గంటలే పడినా నీడమొక్కల ఆకులు మాడిపోతాయి.

ఇక వేళ్ళ సంగతి. నేను చేసిన పని నువ్వు చెయ్యకు. నా పెద్ద చెట్టు కింద గునపం దిగడం లేదని, చుట్టూ ఇటుకలు పేర్చి అడుగు ఎత్తున మట్టి పోశాను. మొదటి ఏడాది మొక్కలు విరగబడి వచ్చాయి, వచ్చినవాళ్ళందరికీ చూపించుకున్నాను. మూడో ఏడు చెట్టు కొనలు ఎండడం మొదలైంది. మట్టి తీసేసేసరికి ఆలస్యమైపోయింది. చెట్టుకి నీళ్ళు పీల్చిపెట్టే సన్నవేళ్ళు చాలామటుకు పైనున్న అడుగు, అడుగున్నర మట్టిలోనే ఉంటాయి. వాటిమీద మట్టి కప్పితే గాలాడక చస్తాయి. ఈ ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ చెట్టు ఇవాళ ఉండేదేమో.

అందుకే చిన్న మొక్కలు కొను. చిన్న మొక్కకి చిన్న గొయ్యి చాలు. తవ్వేటప్పుడు బొటనవేలంత లావు వేరు తగిలితే నరక్కు, గొయ్యే పక్కకి జరుపు. వేళ్ళు మరీ అల్లుకుపోయిన చోట తవ్వడమే మానేసి కుండీలు పెట్టు, కింద రెండు ఇటుకముక్కలు వేసి.

నీడలో రంగు కోసం పూలని నమ్ముకోకు. రంగంతా ఆకులదే. కోలియస్, కలేడియం, రెక్స్ బిగోనియా, మరాంటా, వీటి మధ్య పచ్చగా ఫెర్న్‌లు ఉంటే చాలు. నర్సరీలో ముదురు ఊదా, ముదురు ఎరుపు చూసి మురిసిపోతావు. తెచ్చి పెట్టాక పది అడుగుల దూరం నుంచి చూడు, చీకట్లో చీకటిలా కలిసిపోతాయి. తెలుపు, నిమ్మపండు రంగు, లేత గులాబీ అయితే దీపం పెట్టినట్టు కనబడతాయి. ముదురువి కావాలంటే వీటి పక్కన పెట్టు, అప్పుడు అందం వస్తుంది. రకానికి ఒక్కొక్కటి కాకుండా ఒకే రకం ఏడెనిమిది ఒకచోట గుంపుగా నాటు. లేకపోతే అంగడి పెట్టినట్టుంటుంది.

కలేడియం చలికాలంలో ఆకులన్నీ వాల్చేసి దుంపగా నిద్రపోతుంది. చచ్చిపోయిందని పీకి పారెయ్యకు. దాని రసం తగిలితే దురద, నోట్లోకి వెళ్తే మంట. పిల్లలకీ కుక్కకీ అందేలా పెట్టకు. (మంచు పడే చోట ఉన్న మీ తమ్ముడికి ఈ లిస్టు పంపకు. వాడికి హోస్టాలనే ఆకుమొక్కలు, ఆ చలికి తట్టుకునే ఫెర్న్‌లే గతి.)

జీబ్రా గీతల ట్రాడెస్కాన్షియా, సింగోనియం ఎవరైనా ఊరికే ఇస్తామంటే తీసుకో, కానీ కుండీ దాటనివ్వకు. కణుపు నేలకి తగిలితే వేళ్ళేసి తోపంతా పాకేస్తాయి, ఆ తరవాత నీ తరం కాదు.

వాన కురిసింది కదా అని నీళ్ళు మానెయ్యకు. దట్టమైన చెట్టు కింద నేల సరిగా తడవదు, తడిసిన కాస్తా చెట్టే తాగేస్తుంది. మట్టిలో వేలు గుచ్చి చూడు, పొడిగా ఉంటే నీళ్ళు పొయ్యి. మొదటి ఏడాది ఈ ఓపిక తప్పదు. రాలిన ఆకులు ఊడ్చి తగలబెట్టడం మాత్రం మానెయ్. రెండు మూడు అంగుళాలు అలాగే పరిచి ఉంచితే తేమ నిలుస్తుంది, కుళ్ళి ఎరువవుతుంది. చెట్టు మొదలుకీ, మొక్కల కాడలకీ తగలకుండా చూసుకో. ఆ ఆకుల్లో చెయ్యి పెట్టేముందు కర్రతో ఒకసారి కదిపి చూడు.

మరీ చీకటిగా ఉంటే కింది కొమ్మలు కొన్ని తీయించు. ఒక ఏడాదిలో చెట్టు గుబురులో పావు వంతుకి మించొద్దు.

కోలియస్ కొనకు. నా దగ్గర నాలుగు రంగులున్నాయి. కొమ్మలు తుంచి నీళ్ళలో వేస్తే వారం పది రోజుల్లో వేళ్ళొస్తాయి. నీ ఎండ ఫొటోలు వచ్చిన రోజే తుంచుతాను.

మీ పెదనాన్న