కళ్ళజోడు పెట్టుకున్న పాప

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. ‘నువ్వు’ అంటున్నందుకు ఏమీ అనుకోకమ్మా, నా మనవరాలి ఈడుదానివి. రెండుసార్లు చదివాను. మొదటిసారి మర్యాద కోసం, రెండోసారి కోపం పట్టలేక.

భాష బాగుంది. ఇక అసలు సంగతికి వస్తాను.

నాలుగో పేజీలో తాతగారు పోతారు. పెద్దవాళ్ళంతా హాల్లో కూర్చుని ఉంటారు. ఏడేళ్ళ మనవరాలు ఆయన గదిలోకి వెళ్ళి, బల్ల మీదున్న కళ్ళజోడు తీసి పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తుంది, తాతకి అన్నీ ఎలా కనబడేవో చూద్దామని. అక్కడ కాగితాలు పక్కనపెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. తర్వాత ఆత్రంగా పేజీ తిప్పితే ఏముందీ? వాళ్ళమ్మ వచ్చి, ఏడవాల్సిన వేళ ఆటలేమిటని కసిరి కళ్ళజోడు లాక్కుంది. ఇక పాప లేదు. రిటైరైన మాస్టారొకాయన లేచి, మనిషిని మనిషిగా నిలబెట్టేదేమిటో మూడు పేజీలు ఉపన్యాసం ఇచ్చాడు. ‘మానవత్వం’ అన్న మాట పదకొండు సార్లు వచ్చింది. పెన్సిలు పట్టుకుని లెక్కపెట్టాను, నాకు వేరే పనేముంది.

పైగా ఆ మాస్టారు చెప్పింది తప్పు. పనిముట్టు చేసుకోగలిగేది మనిషి ఒక్కడేనట! ఆ మాటకి 1960లోనే కాలం చెల్లింది. ఇప్పటి టాంజానియాలోని గోంబే అడవుల్లో జేన్ గూడాల్ చింపాంజీలను గమనించింది. పుల్ల విరిచి, ఆకులు దూసేసి, చెదపుట్టలో దూర్చి, అంటుకొచ్చిన చెదల్ని తింటున్నాయవి. ఆకులు దూశాయంటే పనిముట్టు తయారుచేసుకున్నట్టే కదా. ఆ కబురు విని ఆమె గురువు లూయీ లీకీ, ఇక పనిముట్టుకైనా మనిషికైనా కొత్త అర్థం చెప్పుకోవాలి, లేదంటే చింపాంజీలను మనుషుల్లో కలుపుకోవాలి అన్నాడు. కథలో పాత్రలు తప్పులు మాట్లాడొచ్చు, కాదనను. కానీ ఆ మాస్టారి నోట మాట్లాడింది నువ్వు. ఆ సంగతి దాగదు.

మరి తేడా ఎక్కడుందంటావా? నాకొక పిచ్చి ఉంది. నలభై ఏళ్ళుగా చెబుతుంటే ఇంట్లోవాళ్ళు కూడా విసిగిపోయారు. ఆకలి తీరాక కూడా మానకుండా వెతుక్కునేదేదో అదే మనిషి అంటాను. కోతికీ కాకికీ కుతూహలం లేదని కాదు. మనం దాన్ని ఎంతదూరం లాక్కొచ్చామో చూడు. జర్మనీలో హోలె ఫెల్స్ అనే గుహలో 2008లో ఒక వేణువు దొరికింది. రాబందు రెక్క ఎముక, ఐదు రంధ్రాలు. వయసు 35,000 ఏళ్ళ పైమాటే. రంధ్రాల పక్కన సన్నటి గీతలున్నాయి, ఎక్కడ తొలవాలో కొలుచుకున్నట్టుగా. మంచుయుగమది. బయట చలి, లోపల చీకటి, ఎముకలో తినడానికి ఏమీ లేదు. అయినా ఎవరో కూర్చుని, రంధ్రం ఇంకాస్త ఇవతలికి పెడితే ఎలా పలుకుతుందో చూద్దామనుకున్నారు. మొదటిసారి ఊదినవాడి కన్నా ఈ గీతలు గీసుకున్నవాడంటే నాకు ఎక్కువ ఇష్టం. నీ పాప ఆ వంశంలోదే. చచ్చిపోయిన మనిషి కళ్ళజోడులోంచి చూస్తే ఏం దొరుకుతుంది? ఏమీ దొరకదు. ఐనా చూసింది. ఆ పిల్ల ఏడ్చే తీరు అది. వాళ్ళమ్మకి తెలియకపోతే పోయింది, నీకు కూడా తెలియలేదే!

ఇంకో పాప సంగతి చెబుతాను. 1879లో స్పెయిన్‌లోని అల్తమీరా గుహలో సౌత్వోలా అనే ఆయన నేల తవ్వుతూ పాతకాలపు వస్తువుల కోసం వెతుకుతున్నాడు. అంతకుముందూ ఆ గుహకి వెళ్ళినవాడే. వెంట వచ్చిన ఎనిమిదేళ్ళ కూతురు మరియా తల పైకెత్తి, ఎద్దులు ఎద్దులని అరిచింది. పైకప్పు నిండా బైసన్లు, ఎర్రగా నల్లగా. మరుసటేడు ఆయన పుస్తకం వేస్తే, పండితులు ఆదిమానవుడికి అంత పనితనమెక్కడిదని తోసిపుచ్చారు. ఎవరో చిత్రకారుడి చేత వేయించాడని కూడా అన్నారు. 1888లో ఆ నింద మోస్తూనే పోయాడు. వెక్కిరించినవాళ్ళలో ఒకడైన ఎమిల్ కార్తయాక్ 1902లో తప్పయిందని అచ్చులో ఒప్పుకున్నాడు, పద్నాలుగేళ్ళు ఆలస్యంగా. నయమే. నాకు తెలిసిన సంపాదకులు కొందరు ఒప్పుకోకుండానే పోయారు.

ఆ మూడు పేజీల ఉపన్యాసం నీకెక్కడ అంటుకుందో నాకు తెలుసులే. నా ఇరవై రెండో ఏట ఒక సంపాదకుడు నా కథ మీద ఎర్రసిరాతో ‘సందేశం లోపించింది’ అని రాసి తిప్పి పంపాడు. భయపడి చివర ఒక సందేశం అతికించాను. వెంటనే వేశాడు. ఇవాళ్టికీ ఎవరైనా ఆ కథ మెచ్చుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. తర్వాత సందేశం పోయి ప్రయోగం వచ్చింది. ప్రయోగం పోయి ఇంకేదో వచ్చిందట. పోటీలవాళ్ళ సంగతి అడగకు. ఇతివృత్తం వాళ్ళే ఇస్తారు, ముగింపు కూడా వాళ్ళే ఇచ్చేస్తే మనకి శ్రమ తప్పేది.

ఆ రోజుల్లో నేను ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. సీసం అక్షరాల కాలం. అక్కడొక కంపోజిటర్ ఉండేవాడు. పొద్దస్తమానం రసీదు పుస్తకాలూ శుభలేఖలూ కంపోజ్ చేసే మనిషి, కథల ఊసెత్తగా ఎన్నడూ వినలేదు. ఒక సాయంత్రం నా కథ కంపోజ్ చేస్తూ చేస్తూ నా బల్ల దగ్గరికి వచ్చి, “ఏమండీ, ఆ కుర్రాడు తలుపు తీశాడా?” అన్నాడు. మిగతా కాగితాలు వేరేవాళ్ళ దగ్గరున్నాయి. తీశాడన్నాను. “లోపల ఏముంది?” ఆ చోట నేను ‘అనంతమైన శూన్యం’ అని రాసి మురిసిపోయి ఉన్నాను. అదే చెప్పాను. ఆయన కాసేపు నిలబడి, “శూన్యమైతే మరి తలుపెందుకండీ” అని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి శూన్యం కొట్టేసి ఒక కుర్చీ పెట్టాను, దాని మీద తడి తువ్వాలు. అది ఎవరిదో తెలుసుకోవడానికి నాకు ఇంకో పది రోజులు పట్టింది. నేను రాయడం నేర్చుకున్నది ఆ పది రోజుల్లోనే.

నువ్వడిగిన మిగతావాటికి ఇప్పుడు ఓపిక లేదు. కలంపేరు నీ ఇష్టం. యంత్రాలు కథలు రాసేస్తుంటే మనమెందుకు రాయడమన్న దానికి జవాబు మొదలుపెట్టి రెండుసార్లు చించేశాను.

మాస్టార్ని ఇంటికి పంపించెయ్. అమ్మని హాల్లోనే ఉండనీ. ఆ గదిలో పాప ఒక్కతే ఉండాలి. తాతవి దళసరి అద్దాలని మొదటి పేజీలో నువ్వే రాశావు, పాప కళ్ళకి అన్నీ చెదిరిపోయి కనబడి ఉండాలి. కళ్ళు నొప్పెట్టాయా? కిటికీ బయట ఎవరైనా ఉన్నారా? ఎంతసేపు చూసింది? మళ్ళీ రాసి పంపు, ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి పెట్టించి.