మేనల్లుడికి: బండి కింద మడుగు, పొద్దున్నే మూలిగే సెల్ఫ్

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో, వీడియో చూశాను. ఫోటోలో నువ్వు కొన్న పాత మోటారుసైకిల్ కింద ఆకుపచ్చ మడుగు, వీడియోలో సెల్ఫ్ నొక్కగానే ఆరిపోతున్న మీటరు దీపాలు. మెకానిక్ రాసిచ్చిన చీటీ కూడా చూశాను: కొత్త రేడియేటర్, కొత్త బ్యాటరీ, కొత్త రెగ్యులేటర్ (బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపు చేసేది). ఒక్కటైనా కొలిచి చూసినట్టు ఆ చీటీలో ఎక్కడా లేదు. ఇప్పుడే ఏమీ కొనకు. ఇదంతా ఫోనులో చెప్పవచ్చు. కానీ నువ్వు నడుస్తూ ‘ఊ’ కొట్టి, సాయంత్రానికి మరిచిపోతావు. అందుకే రాస్తున్నాను.

నీ బండి 2012 నాటిది. నువ్వు ఉండేది లాసన్స్ బేలో, ఆఫీసుకు వెళ్లేది బీచ్ రోడ్డు మీదుగా రుషికొండకు. అంటే రాత్రీ పగలూ దానికి ఉప్పుగాలే. విశాఖలో పాత బండి చేతికి వస్తే నేను మొదట అనుమానించేది వైరు చివరలను, ఎర్తు బోల్టును, అల్యూమినియం గొట్టాల మూతులను. ఖరీదైన భాగాల వంతు ఆ తరువాతే. అమ్మినాయనను ఒక్క మాట అడుగు: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు ఈ బండి ఎక్కడుంది? నీళ్లు చేరిన సెల్లారులో నిలబడి ఉంటే సీటు కింద ఉన్న ప్రతి కనెక్టరునూ విప్పి చూడాల్సిందే.

కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కారడం, బ్యాటరీ దిగిపోవడం రెండూ వేర్వేరు జబ్బులని నువ్వు అనుకుంటున్నావు. కావచ్చు. కానీ మడుగు ఎప్పుడు పడుతోందో ముందు గమనించు. మద్దిలపాలెం సిగ్నళ్లలోనో, ఎన్‌ఏడీ దగ్గరో ఇరుక్కుని వచ్చిన రోజే పడుతుంటే, అదీ ఓవర్‌ఫ్లో గొట్టం (కూలెంట్ సీసాలో మిగులు బయటికి పోయే దారి) చివరి నుంచే కారుతుంటే, అది లీకు కాదు, పొంగు. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి కరెంటు తక్కువ పుడుతుంది. అదే సమయంలో రేడియేటర్ ఫ్యాను, హెడ్‌లైటు, నువ్వు బిగించిన ఆ రెండు అదనపు దీపాలు అన్నీ కలిసి లాగుతాయి. లోటును బ్యాటరీ పూడ్చాలి. అది ముందే నీరసంగా ఉంటే ఫ్యాను ఈడ్చుకుంటూ తిరుగుతుంది, వేడి పెరుగుతుంది, రేడియేటర్ మూత తెరుచుకుంటుంది, కూలెంట్ సీసా నిండి బయటికి పొర్లుతుంది. అప్పుడు రేడియేటర్ మార్చి ప్రయోజనం లేదు, రోగం ఛార్జింగ్‌లో ఉంది. దీనికి ఎదురుగా కూడా జరుగుతుంది. నిజంగానే కారిన కూలెంట్ కిందనున్న కనెక్టరులోకి దిగి పిన్నులను తినేస్తే, ఛార్జింగ్ ఆగిపోవడానికి మూలం లీకే అవుతుంది.

ముందు లీకు సంగతి చూడు. రాత్రంతా చల్లారిన బండిని ఉదయం ముట్టుకో. వేడిగా ఉండగా రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితిలోనూ తిప్పకు. చాలా మూతల మీద 1.1 అని అచ్చు ఉంటుంది, అంటే లోపల వాతావరణ పీడనానికి పైన దాదాపు 1.1 బార్ల పీడనం నిలుస్తుందని. సగం కూలెంట్, సగం నీరు కలిపిన ద్రవం బయట 107 డిగ్రీల దగ్గర మరిగితే, మూత బిగించిన రేడియేటర్‌లో 125 దాటేదాకా మరగదు. మూత తీసిన క్షణంలో పీడనం పోయి అదంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి లేస్తుంది.

పక్క కవర్లు విప్పి, ఇంజిన్‌ను నీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కింద పాత అట్టముక్క పరిచి కాసేపు నడిపించు. కారినచోట ఆరిపోయిన కూలెంట్ తెల్లగానో పచ్చగానో పొరకడుతుంది. ఆ చారను కింద నుంచి పైకి వెతుక్కుంటూ వెళ్లు. తడి ఉన్నవాటిలో అన్నిటికన్నా పైనున్న చోటే మూలం. గాలి వెనక్కి తోస్తుంది కనుక వెనుక భాగం తడిసిందని అక్కడే లీకు ఉందనుకోకు.

హోస్ పైపులను చల్లగా ఉన్నప్పుడు వేళ్లతో నొక్కి చూడు. లోపల కరకరమన్నా, ఒకచోట మెత్తగా ఉబ్బినా అన్నీ కలిపి సెట్టుగా మార్చు. ఒక్కటే మార్చి మిగతావి వదిలేస్తే వచ్చే నెల ఇదే పని మళ్లీ చేయాలి. క్లిప్పు దగ్గర కారుతుంటే స్క్రూడ్రైవరుతో ఇంకా ఇంకా బిగించేవాళ్లను చూశాను. దానివల్ల రబ్బరు తెగుతుంది, లీకు అలాగే ఉంటుంది. పైపు ఊడదీసి, అల్యూమినియం మూతి మీద ఉప్పు తిన్న తెల్లపొడిని సన్నటి ఎమరీ కాగితంతో నునుపు చేసి, పైపును పూర్తిగా లోపలికి తోసి, క్లిప్పును మూతి అంచుకు వెనుక కూర్చోబెట్టి బిగిస్తే చాలు. రేడియేటర్ మూత సంగతి తేలికే. రబ్బరు పగిలినా, స్ప్రింగు వదులైనా మార్చెయ్యి, కానీ అంతే అంకె ఉన్నది కొను. పెద్ద అంకె మూత పెడితే బలహీనంగా ఉన్న గొట్టమేదో పగులుతుంది.

అసలు జాగ్రత్తగా చూడాల్సింది వాటర్ పంపు. పంపు మూతకు కింది వైపు అగ్గిపుల్ల దూరేంత చిన్న రంధ్రం ఉంటుంది. చాలామంది అది తయారీలో మిగిలిపోయిన బెజ్జం అనుకుంటారు. అది కావాలని పెట్టింది. పంపు ఇరుసు మీద రెండు సీళ్లుంటాయి, ఒకటి కూలెంటును ఆపుతుంది, రెండోది ఇంజిన్ ఆయిలును. రెండింటి మధ్య ఖాళీ నుంచి బయటికి దారే ఆ రంధ్రం. అక్కడ కూలెంట్ బొట్లు కనిపిస్తే మెకానికల్ సీలు అరిగింది, ఆయిలు కనిపిస్తే ఆయిల్ సీలు పోయింది. ఏది పోయినా రెండు సీళ్లూ, మూత ఓ-రింగూ కలిపే మార్చు. విప్పడానికి పట్టే శ్రమ ఒకటే. కొత్త సీలును సుత్తితో కొట్టి దించకూడదు. సరిపడే సాకెట్టు పెట్టి సమంగా నొక్కుతూ దించాలి. అందులో పింగాణీ లాంటి ముఖం ఉంటుంది, పగిలితే డబ్బు వృథా. కొత్తది మొదట్లో ఒకటి రెండు బొట్లు కార్చి కుదురుకోవచ్చు, కంగారుపడకు. ఆ రంధ్రంలో ఎంసీల్ ముద్ద (ఆరి గట్టిపడే అతుకు) కుక్కి ‘లీకు ఆగింది’ అనేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకు. బయటికి దారి మూస్తే కూలెంట్ బేరింగులోకి, అక్కడి నుంచి ఆయిలులోకి పోతుంది. ఆయిలు గాజుకిటికీలో పాలు ఎక్కువైన టీ రంగు కనిపిస్తే, బండి స్టార్టు చేయకుండా నాకు ఫోను చెయ్యి. మూత తీసిన రేడియేటర్‌లో, ఇంజిన్ తిరుగుతుండగా ఆగకుండా బుడగలు వస్తున్నా అంతే. అది హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగం కింద బిగించే సీలు పలక) సంగతి, ఇంటి ముందు చేసుకునే పని కాదు.

లారీవాళ్లు దారిలో రేడియేటర్ కారితే పసుపు పోసి ఊరు చేరుకుంటారు. పెద్ద రేడియేటర్‌కు అది ఆపద్ధర్మం. నీ బండి గొట్టాలు సన్నవి. పసుపైనా, సీసాలో అమ్మే లీకు మందైనా ఆ గొట్టాలనే పూడ్చేస్తుంది.

లీకు మాన్పాక పాత కూలెంట్ మొత్తం తీసి కొత్తది పొయ్యి. అల్యూమినియం ఇంజిన్లకు పనికొచ్చేది, సిలికేట్ లేనిది అడుగు. రంగు చూసి కొనకు, రంగు కంపెనీ ఇష్టం. గాఢమైనదైతే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలుపు. బ్యాటరీలో పోయడానికి అమ్మే ఆసిడ్ లేని నీరే అది. కుళాయి నీరు, బోరు నీరు వద్దు, సున్నం పేరుకుంటుంది. ‘కలిపి సిద్ధంగా ఉన్నది’ అని సీసా మీద ఉంటే చుక్క నీరు కూడా కలపకు. బండిని నిటారుగా నిలిపి నెమ్మదిగా పోసి, మూత తీసి ఉంచే స్టార్టు చేసి, పైపులను పిసుకుతూ, అప్పుడప్పుడు కొంచెం యాక్సిలరేటర్ ఇస్తే లోపలి గాలి బుడగలుగా పైకి వస్తుంది. మట్టం దిగితే మళ్లీ పొయ్యి. మూత బిగించి, మర్నాడు చల్లగా ఉన్నప్పుడు సీసాలో రెండు గీతల మధ్య ఉందో లేదో మళ్లీ చూడు. గాలి మిగిలిపోయిన బండితో అరకు వెళ్లాలనుకుంటే ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేలోపే వేడి చూపే ముల్లు ఎర్రగీత తాకుతుంది.

ఇక కరెంటు. నా ఉద్యోగం అంతా దీనిలోనే గడిచింది కనుక ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టు. నాలుగైదు వందలకు దొరికే డిజిటల్ మల్టీమీటరు కొను. ఈ నెలలో నువ్వు పెట్టాల్సిన మొదటి ఖర్చు అదే.

రాత్రంతా కదపని బ్యాటరీని పొద్దున కొలువు. 12.6 వోల్టులు దాటి ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగం ఖాళీ. సెల్ఫ్ నొక్కుతున్నప్పుడు 10కి బాగా కిందికి పడిపోతే, బయట పూర్తిగా ఛార్జి పెట్టించి మళ్లీ చూడు. అప్పుడూ పడితేనే బ్యాటరీ మార్చు. తరువాత ఇంజిన్ నడిపించి, నిమిషానికి 5000 తిరుగుళ్ల దగ్గర బ్యాటరీ మొనల మీద కొలువు. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఛార్జింగ్ బాగున్నట్టే. 13 దాటకపోతే కరెంటు రావడం లేదు. 15 దాటితే రెగ్యులేటర్ అదుపు తప్పింది, కొత్త బ్యాటరీని కూడా ఉడికించేస్తుంది. సెల్ఫ్ మూలిగితే చాలు బ్యాటరీ మార్చేసేవాళ్ల మీద నాకు ఎందుకు కోపమో ఇప్పుడు తెలిసిందా? ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి ‘చూశారా, ఆగలేదు’ అని చూపించే పరీక్ష ఒకటుంది. వెనకటి బండ్లకు చెల్లింది. ఇంధనం ఇంజెక్షన్‌తో పడే నీ బండికి చేస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి కంప్యూటర్ పెట్టె పోవచ్చు.

కరెంటు రాకపోతే స్టేటర్‌కు, అంటే ఇంజిన్ తిరిగినప్పుడు కరెంటు పుట్టించే, మనవాళ్లు మాగ్నెట్ కాయిల్ అనేదానికి, రెగ్యులేటర్‌కు మధ్యనున్న కనెక్టరు విప్పు. మూడు వైర్లు, సాధారణంగా పసుపురంగువి, ఒకేచోటికి వస్తాయి. ఎండలో పెట్టి వెలుతురులో చూడు. తెల్లటి ప్లాస్టిక్ ఒక పిన్ను చుట్టూ గోధుమరంగుకు మారి, కొంచెం కుంగి ఉందా? పిన్ను మీద పచ్చటి పొడి ఉందా? వైరును వేలితో వంచితే పైతొడుగు కింద గట్టిపడిందా? ఉంటే దొంగ దొరికినట్టే. పిన్ను వదులై ముట్టీముట్టనట్టు తగులుతుంటే అక్కడ వేడి పుడుతుంది, వేడికి ఇంకా వదులవుతుంది, చివరికి కరుగుతుంది. కరిగిన కనెక్టరును గీకి మళ్లీ పెట్టకు. మంచి రాగి వచ్చేదాకా వైరు కత్తిరించి కొత్త కనెక్టరు వేయించు.

అది విప్పి ఉండగానే కాయిల్‌ను కొలువు. మూడు వైర్లలో ఏ రెండింటి మధ్య నిరోధం చూసినా ఓమ్‌లు చాలా తక్కువగా, మూడు జతలకూ ఒకేలా రావాలి. ఏ వైరుకూ ఇంజిన్ బాడీకీ మధ్య సంబంధం ఉండకూడదు. ఉంటే కాయిల్ కాలింది. ఇంజిన్ నడిపించి, మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి కొలిస్తే మూడు జతలూ దాదాపు సమానంగా, తిరుగుళ్లతో పాటు పెరగాలి. ఇక్కడ షాకు కొట్టేంత వోల్టేజి ఉంటుంది, చేతులు దూరం. కాయిల్ నిజంగానే పోతే తీగ మళ్లీ చుట్టించడానికి, అంటే రీవైండింగ్‌కు నాకు అభ్యంతరం లేదు. అంతే మందం తీగ, అన్నే చుట్లు, 180 డిగ్రీలు తట్టుకునే హెచ్ క్లాసు వార్నిష్ వేస్తామంటేనే ఇవ్వు. అది వేడి ఆయిలులో మునిగి బతకాలి.

కాయిల్ బాగుండి, బ్యాటరీ దగ్గర మాత్రం 13.8 అందకపోతే అప్పుడు కూడా రెగ్యులేటర్ మీద పడిపోకు. విప్పిన కనెక్టర్లన్నీ తిరిగి కలిపి, ఇంజిన్ నడుస్తుండగా మీటరు ఒక కొనను రెగ్యులేటర్ ప్లస్ వైరు మీద, రెండో కొనను బ్యాటరీ ప్లస్ మీద పెట్టు. 0.2 దాకా ఉంటే సరే. అర వోల్టు, ముప్పావు వోల్టు చూపిస్తే ఆ దారిలో ఎక్కడో తుప్పు కరెంటును తింటోంది. రెగ్యులేటర్ తన దగ్గర 14.2 ఉందని తృప్తిపడుతుంది, బ్యాటరీకి చేరేది 13.4 మాత్రమే. మైనస్ వైపూ ఇలాగే కొలువు. మన ఊళ్లో ఎక్కువగా పోయేది ఈ మైనస్ వైపే. ట్యాంకు కింద ఛాసిస్‌కు బిగించిన ఎర్తు బోల్టు విప్పి, రంగూ తుప్పూ పోయి లోహం మెరిసేదాకా గీకి, బిగించి, పైన వాజిలిన్ పూయి. రేపు అదే బోల్టు ఉప్పుగాలికి మళ్లీ తుప్పు పట్టకుండా ఉంటుంది. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా అంకె తప్పితే అప్పుడు రెగ్యులేటర్ మార్చు. పాత ఇనుము కొట్టులో దొరికేది వద్దు. గాలి తగిలేచోట బిగించు, వేడే దాని శత్రువు.

నీ అదనపు దీపాల గురించి ఒక మాట. ఒక్కొక్కటి 55 వాట్ల హాలోజన్ అయితే రెండూ కలిసి 110. ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు నీ బండి మోయగలిగే బరువు కాదది. ఎల్‌ఈడీకి మారితే బ్యాటరీకి ఊరట. దానివల్ల కాయిల్ కూడా చల్లబడుతుందని షాపులో చెబితే నమ్మకు. పాత బండ్లలోని షంట్ రకం రెగ్యులేటర్ మిగిలిన కరెంటును తిరిగి కాయిల్‌కే మళ్లిస్తుంది, అందువల్ల కాయిల్‌కు పని తగ్గదు.

తీసిన పాత కూలెంటును వాకిట్లో పళ్లెంలో వదలకు. తియ్యగా ఉంటుంది, వీధికుక్కలు నాకుతాయి, కొద్దిగా తాగినా చచ్చిపోతాయి. పిల్లలకూ అంతే ప్రమాదం. మూతగల డబ్బాలో పోసి, కాలువలో పారబోయకుండా గ్యారేజీలో ఇవ్వు. నేల మీద పడిన చోట బాగా నీళ్లు పోసి కడుగు.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటాను. కొలతలు రాసిన కాగితం తీసుకుని రా. కాయిల్ తప్పు చూపిస్తే స్టేటర్ మూత గాస్కెట్ ఒకటి దారిలో కొనుక్కో. ఇన్నేళ్ల బండికి పాతది చిరగకుండా ఊడి రాదు.

ఇట్లు,
మీ మామయ్య