పాలిష్ చేసిన అల్యూమినియం వీల్స్‌కి ఏ కోటింగ్ నిలుస్తుంది?

విజయవాడ ఆటోనగర్‌లో కారు వీల్స్‌ని అద్దంలా పాలిష్ చేయించారు, ఆ మెరుపు నిలవాలంటే పైన ఏం పూయించాలని మీ ప్రశ్న. నా ఓటు, గాజులా గట్టిపడే పల్చటి ద్రవపు పూత అయిన సెరామిక్ కోటింగ్‌కే.

క్లియర్ లక్కర్ (రంగులేని వార్నిష్ లాంటిది) చవకే, కానీ నున్నటి అల్యూమినియానికి గట్టిగా పట్టదు. ఒక్క రాయి తగిలి పెచ్చు లేచిందా, ఆ సందులోంచి తేమ దూరి, లక్కర్ కిందే పురుగు పాకినట్టు తెల్లటి గీతలు వస్తాయి. అప్పుడిక మొత్తం గీకించి మళ్లీ పాలిష్ చేయించడమే. క్లియర్ పౌడర్ కోటింగ్ (పొడి చల్లి వేడికి కరిగించే పూత) ఇంకా గట్టిది; అయితే 180–200 డిగ్రీల దగ్గర కాల్చాలి, మెరుపూ కాస్త తగ్గుతుంది. అనోడైజింగ్ (కరెంటుతో లోహం మీదే ఆక్సైడ్ పొర పెంచడం) వద్దు, సిలికాన్ ఎక్కువున్న పోత వీల్స్ బూడిద రంగుకి తిరుగుతాయి.

సెరామిక్ అరుగుతుందే గానీ పెచ్చులూడదు, మళ్లీ పూయొచ్చు. పూసేముందు పాలిష్ జిడ్డంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. వాషింగ్ సెంటర్‌లో మాత్రం వీల్స్ మీద యాసిడ్ కొట్టనివ్వకండి.