చేతిమీద అక్షరం పొడిపించుకునే ముందు

చిరంజీవికి అత్త ఆశీస్సులు.

ముంజేతిమీద ‘అమ్మ’ అని పచ్చబొట్టు పొడిపించుకుంటానని రాశావు. ఇన్నేళ్లు ఇదే పనిలో ఉన్నదాన్ని, నేను వద్దని ఎలా అంటాను? కాకపోతే బొమ్మ వేరు, అక్షరం వేరు. పువ్వు రెక్క కాస్త వంకరపోయినా అది పువ్వే. అక్షరం తప్పితే మాటే మారిపోతుంది నాన్నా.

అసలు చిక్కు కంప్యూటర్ దగ్గర వస్తుంది. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లు వత్తుల్ని సరిగా కూర్చలేవు. కింద ఉండాల్సిన మ వత్తు పక్కకొచ్చి ‘అమ్‌మ’ అని విడిపోతుంది. తెలుగు రాని ఆర్టిస్టుకి అందులో తప్పేమీ కనబడదు. అందుకని కాగితం మీద నువ్వే పెద్దగా రాసి పట్టుకెళ్లు. స్టెన్సిల్, అంటే పొడిచే ముందు వేసే అక్షరాల అచ్చు, చర్మానికి అద్దాక తలకట్టు, దీర్ఘం, వత్తు ఒక్కొక్కటే సరిచూసుకో. అద్దంలో చూడకు, తిరగబడి కనబడుతుంది. తోడు వచ్చినవాళ్లచేత పైకి చదివించు. ఏమాత్రం తేడా ఉన్నా తుడిపించి మళ్లీ అద్దించుకో. అక్కడ మాత్రం మొహమాటపడకు.

చిన్నగా ఉంటే ముచ్చటగా ఉంటుందని అందరూ అంటారు, నేను ఒప్పుకోను. ఇంకు పైచర్మం కింద, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున నిలుస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ గీత కాస్త పాకి మందమవుతుంది. మన లిపి నిండా గుండ్రాలే కదా, మరీ చిన్నగా పొడిస్తే లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. ‘ష్ట్ర’ లాంటివి ఉన్న మాటలైతే ఇంకా కష్టం. వేళ్ల పక్కన, అరచేతిలో వేయించుకోకు, త్వరగా వెలిసిపోతుంది. పుట్టుమచ్చ మీద అసలే వద్దు. రేపు అందులో ఏదైనా మార్పు వస్తే డాక్టరుకి కూడా తెలియదు.

సూది ప్యాకెట్ నీ కళ్లముందే విప్పాలి. ఇంకు నీకోసం విడిగా కొత్త కప్పులో పోయాలి. ఇవి అడిగితే విసుక్కునే చోటునుంచి లేచి వచ్చెయ్. హెపటైటిస్ బి, సి రెండూ రక్తంతో అంటుకునేవే. ఆ తర్వాత రెండు మూడు వారాలు ఈత, ఎండ వద్దు. పొట్టు దానంతటదే రాలాలి, ఎంత దురద పెట్టినా గోకకు.

తేడా వస్తే లేజర్ ఉందిగా అనుకుంటావేమో. నలుపు మిగతా రంగులకన్నా తేలిగ్గా పోతుందన్న మాట నిజమే, అయినా వారాల ఎడంతో చాలాసార్లు తిరగాలి, ఆనవాలు మిగిలినా మిగులుతుంది.

రాసిన కాగితం ఫొటో తీసి ముందు నాకు పంపు, చూసి చెబుతాను.

మీ అత్త