పన్నెండు కిటికీలకు వద్దు, పడమటి రెండింటికి చాలు

ప్రశ్న: మాది చంద్రపూర్ దగ్గరి బల్లార్షా. మావారు బొగ్గు గనిలో పనిచేస్తారు. మేడ మీద ఇంట్లో ఉంటాం. పడమటి పడకగదిలో ఏసీ, హాల్లో కూలర్ ఉన్నాయి. ఎండాకాలం బిల్లులో పై స్లాబులో యూనిట్‌కి అన్నీ కలిపి 15 రూపాయలు పడుతోంది. మొత్తం 12 కిటికీల అద్దాలకూ సన్ ఫిల్మ్ (ఎండను ఆపే పల్చటి ప్లాస్టిక్ పొర) అంటిస్తే బిల్లు సగం తగ్గుతుందని ఒకాయన చెప్పాడు. చదరపు అడుగు 120 చొప్పున 240 అడుగులకు 28,800 అడుగుతున్నాడు. పోస్టాఫీసులో నెలకు 3,000 చొప్పున 37 నెలలుగా ఆర్‌డీ కడుతున్నాం. అది తీసేసి ఈ పని చేయించమంటారా?

జవాబు: ఆర్‌డీ జోలికి వెళ్లకండమ్మా. ముందు ఆ మాట చెప్పేసి, తర్వాత కిటికీల సంగతి మాట్లాడతాను. ఐదేళ్ల ఆర్‌డీని మూడేళ్లు దాటాక మూసేయవచ్చు, నిజమే. కానీ అప్పుడు మీ పాస్‌బుక్‌లో ఉన్న 6.5 శాతం రాదు. మామూలు సేవింగ్స్ ఖాతా వడ్డీ, అంటే 4 శాతం లెక్కన ఇస్తారు. మీరు కట్టిన 1,11,000 మీద ఆ తేడా నాలుగు వేల పైచిలుకే. ఫిల్మ్ ఖర్చుకు అదీ కలిపి చూసుకోండి.

ఫిల్మ్ చెడ్డదేం కాదు. చంద్రపూర్‌లో మా ఇంటికీ ఉంది. అంతకుముందు మే నెలలో సాయంత్రం నాలుగింటికి పడమటి గదిలో కర్టెన్ ముట్టుకుంటే అప్పుడే ఇస్త్రీ చేసి తీసినట్టుండేది. ఎదుటి గోడ మీదున్న పెళ్లి ఫొటోలో మా ఆవిడ పట్టుచీర ఎరుపంతా వెలిసిపోయింది. మంచి ఫిల్మ్ అతినీలలోహిత కిరణాలను 99 శాతం దాకా ఆపుతుంది కాబట్టి ఇప్పుడు సోఫా, కర్టెన్లు అంత త్వరగా వెలవడం లేదు. పగటిపూట బయటివాళ్లకు లోపల కనిపించదు కూడా. రాత్రి లైటు వేశాక మాత్రం కర్టెన్ వేసుకోవాల్సిందే.

ఇక బిల్లు. మే 20 ప్రాంతంలో మన దగ్గర మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు. అందుకే మండు వేసవిలో దక్షిణపు కిటికీల్లోంచి ఎండ దాదాపు రాదు. వాటికి ఫిల్మ్ వేస్తే గది చీకటి కావడమే మిగులుతుంది. హాల్లో కూలర్ నడిచేటప్పుడు గాలి బయటికి పోవడానికి కిటికీలు తెరిచే ఉంచుతారు. తెరిచిన కిటికీ అద్దానికి ఏం అంటించినా బిల్లు తగ్గదు. పొద్దున్న ఎండ పడే తూర్పు గదుల్లో ఏసీ లేదు కదా.

మిగిలింది ఏసీ గదిలోని పడమటి కిటికీలు. రెండింటికి 40 చదరపు అడుగులు అనుకుంటే 4,800 రూపాయలు. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఏసీ వేస్తే, నా అంచనాలో రోజుకు అర నుంచి ముప్పావు యూనిట్ మిగులుతుంది. 90 రోజులకు 700 నుంచి 1,000 రూపాయలు. అంటే పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు. సగం బిల్లు అన్న మాట నమ్మకండి.

నల్లగా ఉన్నదే వేడి ఆపుతుందనీ అనుకోకండి. ఎండలోని శక్తిలో దాదాపు సగం కంటికి కనపడని పరారుణ కిరణాలదే. మొత్తం సౌరశక్తిలో ఎంత శాతం ఆపుతుందో కంపెనీ కాగితం మీద చూపించమని అడగండి. చూపించకపోతే వద్దనండి.

నిజానికి మేడ మీద ఇంటికి పెద్ద శత్రువు పైకప్పు స్లాబు. నడినెత్తి ఎండంతా దాని మీదే పడుతుంది. ముందు స్లాబుకు తెల్ల సున్నమో, వేడిని వెనక్కి కొట్టే తెల్ల పెయింటో వేయించండి. పడమటి కిటికీకి బయటి వైపు వెదురు తడిక కట్టినా ఎండ అద్దాన్ని తాకకముందే ఆగుతుంది. ఫిల్మ్ కన్నా చాలా చవక. ఈ రెండూ అయ్యాక కూడా గది వేడిగానే ఉంటే అప్పుడు 4,800 పెట్టండి. అదీ ఈఎంఐ మీద కాదు, రెండు నెలలు దాచుకుని.

పని అయిన రోజే డబ్బంతా ఇచ్చేయకండి. మా ఇంట్లో మొదట అంటించినాయన అద్దం సరిగా తుడవలేదు. మర్నాటికి ఫిల్మ్ కింద దుమ్ము చుక్కలు, మూలల్లో బుడగలు కనిపించాయి. అప్పటికే మొత్తం ఇచ్చేశాను, ఎన్నిసార్లు ఫోన్ చేసినా మళ్లీ రాలేదు. లోపలి తడి పూర్తిగా ఆరడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఒక వెయ్యి రూపాయలు మీ దగ్గరే ఉంచుకుని, ఆ మాట ముందే రసీదు మీద రాయించుకోండి.